గుత్తి కొండ ఎక్కే ముందు కొండ కింద ఆగండి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాము. నవంబరులో అనంతపురంలో బంధువుల ఇంట పెళ్లికి వస్తున్నారు. పెళ్లి ముగిశాక రెండు రోజుల వ్యవధి ఉంది. కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, కాలం నాటి ఆనవాళ్లు చూడాలని మీ కోరిక. తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి కొండలెక్కడానికి ఉత్సాహపడుతున్నాడు గాని, 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా గ్రామ కరణంగా పనిచేసిన మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. కర్నూలు కొండారెడ్డి బురుజు మొదలుకొని గండికోట దాకా పదకొండు చోట్లు రాసి, రెండు రోజుల్లో వీటన్నింటినీ చుట్టి రావడం ఎలాగని అడిగారు. మన్రో దొర సమాధి గుత్తిలో ఉందా, మద్రాసులో ఉందా అన్నది మీ రెండో ప్రశ్న.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, మూడు జిల్లాల్లో తిరిగి, తహసీల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యోగరీత్యా తిరిగిన ఊళ్లనే ఇప్పుడు తీరికగా తిరిగి చూస్తున్నాను. చుట్టాలను, స్నేహితుల పిల్లలను వెంటబెట్టుకొని ఈ దారుల్లో ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టుకోలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ జాబితాలో ఆరింటిని కొట్టివేయండి. పదకొండు చోట్లకు వెళితే మీకు మిగిలేవి పదకొండు ఫొటోలు, కారులో కూర్చున్న నడుము నొప్పి.

మన సీమలో కుంపిణీ చరిత్రను మద్రాసులోనో కలకత్తాలోనో చూసినట్టు భవనాల్లో వెతికితే దొరకదు. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ఈ ప్రాంతాన్ని, తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద నిజాం 1800 అక్టోబరు 12 నాటి ఒడంబడికతో కుంపిణీకి వదులుకున్నాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం కలిసిన ఆ నేలకు దత్తమండలాలని పేరు పడింది. రాయలసీమ అనే పేరు చిలుకూరి నారాయణరావు గారు 1928లో నంద్యాల సభలో ప్రతిపాదించిన తరువాత వచ్చినదే. ఈ మండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉన్నాడు. ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఆయన గుడారాల్లోనే గడిపాడు. ఊరూరూ తిరిగి, పొలం కొలిపించి, శిస్తు కట్టే రైతుతో నేరుగా లెక్క తేల్చుకోవడమే ఆయన పద్ధతి కనుక ఆయన వెనుక మేడలు మిగలలేదు. మిగిలినవి పైమాషీ (భూమి కొలత) లెక్కలు, కొన్ని గోరీలు, ఒక బావి, జనం నోట కొన్ని కథలు. వీటిని కలుపుతూ వెళ్లే దారి ఒకటి ఉంది. మొదటి రోజును ఆ దారికి ఇవ్వండి.

అనంతపురం నుంచి కర్నూలు వైపు పెద్దరోడ్డు మీద గుత్తి యాభై కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరితే ఎండ ముదరక ముందే కొండ కిందికి చేరుకుంటారు. దారిలో ఫలహారం కోసం ఆగకండి. గుత్తిలో దిగిన తరువాత ఉగ్గాని, బజ్జీలు వేడివేడిగా దొరుకుతాయి. బొరుగులతో చేసే ఆ ఉగ్గాని తేలికగా ఉంటుంది కాబట్టి కొండ ఎక్కబోయేవాళ్లకు దోసెలకన్నా అదే మేలు.

అందరూ చేసే పొరపాటు, దిగీ దిగగానే తల ఎత్తి కోట వైపు నడవడం. కోటకు వెళ్లే దారి మొదట్లో, కొండ పాదం దగ్గర తెల్లదొరల గోరీల దొడ్డి ఉంది. ముందు అక్కడ ఆగండి. మన్రోను మొదట పూడ్చినది అక్కడే. మద్రాసు గవర్నరుగా ఏడేళ్లు పనిచేసి, స్వదేశానికి వెళ్లే ముందు ఈ మండలాలను చివరిసారి చూడాలని 1827 వేసవిలో ఆయన బయలుదేరాడు. దారిలో కలరా సోకి జూలై 6న పత్తికొండలో చనిపోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి ఇక్కడ ఖననం చేశారు. నాలుగేళ్ల తరువాత, 1831లో, అస్థికలను మద్రాసుకు తరలించి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో ఉంచారు. కాబట్టి సమాధి గుత్తిలో అన్నవాళ్లదీ అబద్ధం కాదు, మద్రాసులో అన్నవాళ్లదీ అబద్ధం కాదు. గుత్తిలో ఇప్పుడు ఉన్నది ఆయన జ్ఞాపక చిహ్నం మాత్రమే. మద్రాసులో చాంట్రీ అనే శిల్పి చేసిన ఆయన విగ్రహం, రికాబులు లేని గుర్రం మీద కూర్చున్నది, మీరు చూసే ఉంటారు. ఆ విగ్రహం చూసినవాళ్లు వేలల్లో ఉంటారు గాని, గుత్తిలో ఈ దొడ్డిలోకి అడుగు పెట్టినవాళ్లు చాలా తక్కువ.

మన్రో ఒక్కడి కోసమే అక్కడ ఆగమనడం లేదు. మిగిలిన రాళ్లను కూడా చదవండి. గుత్తిలో కుంపిణీ దండు ఉండేది. వయసు రాసి ఉన్న రాళ్ల దగ్గర నిలబడి కూడిక వేసుకుంటే, ఇరవైల్లోనూ ముప్పైల్లోనూ పోయినవాళ్లు, పసిబిడ్డలు ఎంతమందో మీ అబ్బాయికి తెలుస్తుంది. చెక్కిన అక్షరాలు అరిగిపోయాయి కనుక నిట్టమధ్యాహ్నం వెలుగులో ఒక్కటీ కనిపించదు. పొద్దున ఏడు గంటల ఏటవాలు ఎండలో అక్షరాల గాళ్లలో నీడ పడుతుంది, అప్పుడు చదవగలరు. అప్పటికీ కనబడకపోతే తడిగుడ్డతో రాతిని మెల్లగా ఒత్తండి. తడి ఆరేటప్పుడు గాళ్లలో తేమ చివరిదాకా నిలిచి, ఒకటి రెండు నిమిషాల పాటు పేరు నల్లగా తేలుతుంది. సుద్దముక్కతో గీయడం, తాళంచెవితో గోకడం మాత్రం చేయనివ్వకండి. ఒకసారి నాతో వచ్చిన ఒక పెద్దమనిషి, చదువుకున్నవాడే, తేదీ స్పష్టంగా రావాలని రాయిని ఇటుకముక్కతో రుద్దాడు. ఆ రాతి మీద ఆ తేదీ ఇప్పుడు లేదు.

మీ నాన్నగారు ఈ దొడ్డి దగ్గర ఏ ఇబ్బందీ లేకుండా తిరగగలరు. ఆ తరువాత ఆయన్ను నీడలో కూర్చోబెట్టి మీరూ అబ్బాయీ కోట ఎక్కండి. ఎక్కి దిగడానికి మూడు గంటలు కేటాయించుకోవాలి. చుట్టూ ఉన్న నేలకన్నా సుమారు 300 మీటర్ల ఎత్తున్న ఈ కోట ఒక గోడ లోపల ఇంకో గోడగా, ద్వారం తరువాత ద్వారంగా పైకి చుట్టుకుంటూ పోతుంది. బుక్కరాయల కాలపు శాసనం దీన్ని దుర్గరాజమని పొగిడింది. అంతకు ముందటి చాళుక్యుల కాలం నాటి కన్నడ శాసనాలు కూడా ఇక్కడ ఉన్నాయి. అయితే మీరు అడిగిన కాలానికి ముఖ్యుడు మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే. పద్దెనిమిదో శతాబ్దం నడిమి భాగంలో ఆయన దీన్ని బాగుచేయించి తన స్థావరం చేసుకున్నాడు. ఇంగ్లీషువారికి, ఫ్రెంచివారికి, నిజాముకు, మైసూరుకు మధ్య ఎవరి వైపు నిలబడితే ఏమి గిట్టుతుందో ఆయనకు తెలిసినంత బాగా ఆ రోజుల్లో మరెవరికీ తెలియదు.

అటువంటి మనిషిని చివరికి ఓడించినది నీళ్ల కరవు. హైదరాలీ ముట్టడిలో కోటను బలంతో పట్టుకోవడం సాధ్యం కాలేదు. కొండ మీద బావుల్లో నీరు అడుగంటిన తరువాతనే, 1776లో, మురారిరావు లొంగిపోయాడు. మైసూరు సీమలోని కబ్బాలదుర్గంలో బందీగా ఉండి పోయాడు. ఈ సంగతి నాకు పుస్తకంలో చదివినప్పటికన్నా ఒక ఏప్రిల్ నెలలో బాగా అర్థమైంది. నా మేనల్లుళ్లు ఇద్దరినీ వెంటబెట్టుకొని, అవతల ఏదో పని చూసుకొని, పదకొండు గంటలకు ఎక్కడం మొదలుపెట్టాను. ముగ్గురికీ కలిపి ఒక్క లీటరు సీసా ఉంది. మూడో ద్వారం దాటేసరికి సీసా ఖాళీ అయింది. బండ మీద చెయ్యి ఆనిస్తే కాలుతోంది. చిన్నవాడు నీడలో కూలబడి, "మామా, మురారిరావు ఎక్కడ లొంగిపోయాడో చూడకపోయినా పరవాలేదు, నేను ఇక్కడే లొంగిపోతాను" అన్నాడు. వెనక్కి దిగివచ్చాము. నవంబరులో ఎండ అంత తీవ్రంగా ఉండదు గాని, మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి. వాన పడిన మరునాడైతే బండలు జారుతాయి, చెప్పులతో ఎక్కకండి.

పైన లోయ అంచున సున్నపు పూత నున్నగా మెరిసే చిన్న మంటపం ఒకటి ఉంటుంది. దాన్ని మురారిరావు గద్దె అంటారు. అక్కడ కూర్చొని ఆయన చదరంగం ఆడుతూ, ఎదుటి బండ మీది నుంచి ఖైదీలను కిందికి తోయిస్తుంటే వినోదం చూసేవాడని కథ. కథలో నిజమెంతో గాని, ఆ గద్దె మీద కూర్చున్నవాడికి నాలుగు వైపుల నుంచీ వచ్చే దండు దుమ్ము కనబడుతుందన్నది మాత్రం మీరే చూస్తారు. మైదానంలో రోడ్డు, రైలుకట్ట, ఊరి కప్పులు ఒకే చూపులో పడతాయి. ఇంత తిరిగినా కొండ మీది కట్టడాల్లో కుంపిణీ కట్టించినది దాదాపు ఏమీ కనబడదు. కట్టవలసిన అవసరం వారికి రాలేదు.

మధ్యాహ్న భోజనం తరువాత గుత్తి నుంచి పత్తికొండ దారి పట్టండి. దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఆ దారిలోనే జొన్నగిరి దగ్గర ఎర్రగుడి అశోకుని శాసనాలు ఉన్నాయి. మీరు అడిగిన కాలం కాదు కదా అంటారేమో. నిజమే, అయినా దారిలోనే ఉన్నాయి కనుక చూసి వెళ్లండి. రెండు వేల ఏళ్లకు పైగా ఎవరూ చదవని ఆ రాతలను 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. అందులో ఒక శాసనం విచిత్రంగా ఒక వరుస ఎడమ నుంచి కుడికి, మరో వరుస కుడి నుంచి ఎడమకు, ఎద్దు దున్నినట్టు సాగుతుంది. మీ నాన్నగారు కొంచెం చెయ్యి పట్టుకొని నడిస్తే దగ్గరగా వెళ్లి చూడగలరు. జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి పడగానే జనం వజ్రాలకు వెతకడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. మీరు వచ్చేది నవంబరులో కనుక ఆ సందడి ఉండదు, అబ్బాయి నేల చూస్తూ నడిస్తే మాత్రం తప్పు లేదు.

పత్తికొండలో మన్రో చనిపోయిన తరువాత ప్రభుత్వం ఆయన పేరిట ఒక తోపు వేయించి, రాతి మెట్లబావి కట్టించింది. గవర్నరుకు స్మారకంగా బావి తవ్వించడం నాకు ఎప్పుడూ నచ్చే విషయం. ఈ నేలలో ఒక మనిషిని తలుచుకోవడానికి అంతకన్నా పనికివచ్చే కట్టడం లేదు. ఊళ్లో మన్రో పేరు చెప్పి అడిగితే పెద్దవాళ్లు దారి చూపిస్తారు. అక్కడ చేరే పెద్దవాళ్లతో మీ నాన్నగారిని మాట్లాడనివ్వండి. గండి క్షేత్రం దగ్గర పాపాగ్ని లోయకు అడ్డంగా ఆంజనేయస్వామి కట్టిన బంగారు తోరణం మన్రోకు కనబడిందని, అది కనబడినవాడు ఎక్కువ కాలం బతకడని, అందుకే ఆయన పోయాడని ఒకరు చెబుతారు. మంత్రాలయం మఠం భూముల విచారణకు వెళ్లినప్పుడు రాఘవేంద్రస్వామి బృందావనంలో నుంచి ఆయనతో మాట్లాడారని ఇంకొకరు చెబుతారు. మన్రోను మాండవ్య ఋషి అవతారమన్నవారూ ఉన్నారు, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారూ ఉన్నారు. శిస్తు వసూలు చేసిన అధికారికి ఇటువంటి పురాణం పుట్టడం మా శాఖలో నేనెన్నడూ చూడలేదు.

అలాగని ఆ పురాణాన్ని అలాగే మింగమని అబ్బాయికి చెప్పకండి. దత్తమండలాల్లో అప్పటికి ఎనభై మంది వరకు పాలెగాళ్లు ఉండేవారు. వారి కోటలు, బలగాలు తీసివేసింది కుంపిణీయే. పైమాషీ చేసి మన్రో వేసిన శిస్తు కూడా బరువైనదే. ఆ సంగతి ఆయనే ఒప్పుకొన్నాడు. 1807లో వెళ్లిపోయే ముందు, వేసిన దరలో నూటికి ఇరవై అయిదు వంతులు తగ్గిస్తే తప్ప రైత్వారీ, అంటే రైతుతో నేరుగా శిస్తు తేల్చుకునే ఆ పద్ధతి, నిలవదని సిఫారసు చేశాడు. పైవాళ్లు ఒప్పుకోక, రైత్వారీ తీసివేసి ఊళ్లను గుత్తకు ఇచ్చారు. గుత్తదారులు, రైతులు కలిసి దెబ్బతిన్నారు. తిరిగి మన్రో గవర్నరైన 1820లో రైత్వారీ వచ్చింది, ఆ తగ్గింపూ వచ్చింది. ఇదంతా మీ నాన్నగారికి చెప్పనక్కరలేదు, ఆయనే మీకు చెబుతారు. చిట్టా, అడంగలు వంటి గ్రామ లెక్కలు రాసిన చెయ్యికి ఈ లెక్క ఎక్కడి నుంచి మొదలైందో చూపించడమే మొదటి రోజు ప్రయాణానికి నా ఉద్దేశం.

మీ జాబితాలో కోయిలకుంట్ల ఉంది. ఈసారికి వద్దంటున్నాను గాని, ఆ పేరు ఎందుకు రాసుకున్నారో అబ్బాయికి దారిలో చెప్పండి. నెలకు పదకొండు రూపాయల చిల్లర తవర్జీకి (భరణానికి) దిగజారిన పాలెగాడి కుటుంబంలో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరి తీశారు. తలను కోట బురుజుకు వేలాడదీసి, 1877 దాకా, అంటే ముప్పై ఏళ్లు, అలాగే ఉంచారు. గుత్తి గోరీల దొడ్డి చూసిన రోజునే ఈ మాట కూడా వినడం మంచిది.

కర్నూలును కూడా ఈసారి వదిలేయండి. కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుమ్మటం, 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కుంపిణీ పదవి నుంచి దించిన వైనం, 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వడం మొదలుపెట్టి నష్టాలపాలై 1882లో ప్రభుత్వానికి అప్పగించిన కె.సి. (కర్నూలు-కడప) కాలువ, ఇవన్నీ వేరే రెండు రోజుల పని. గండికోట అందమైనదే గాని, మీరు అడిగిన విషయానికి అక్కడ దొరికేది తక్కువ. అనంతపురం ఊళ్లో పెళ్లి పనుల మధ్య ఒక సాయంత్రం తీరికైతే 1916లో మొదలైన ఆర్ట్స్ కాలేజీ ఆవరణ చూడండి, అది చాలు.

రెండో రోజు కడప. తాడిపత్రి మీదుగా కారులో మూడు గంటలు పడుతుంది. మీ నాన్నగారికి రైలు సుఖమనుకుంటే గుత్తి నుంచి తాడిపత్రి, ఎర్రగుంట్ల మీదుగా కడపకు రైలుంది. మద్రాసు నుంచి బయలుదేరి 1871 నాటికి రాయచూరు చేరిన పాత మద్రాసు రైల్వే మార్గమే అది. నేనైతే రైలునే ఎంచుకుంటాను.

కడపలో దిగగానే ఊళ్లోకి వెళ్లకుండా, ముందు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని సిద్ధవటానికి వెళ్లండి. మట్లి రాజుల కోట అది, పెన్న ఒడ్డున చదునైన నేల మీద ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పి ఉన్నవారు కూడా లోపల హాయిగా నడవవచ్చు. దత్తమండలాలను 1808లో బళ్లారి, కడప జిల్లాలుగా విడగొట్టినప్పుడు కడప జిల్లా కచేరీ నాలుగేళ్ల పాటు ఉన్నది ఈ సిద్ధవటంలోనే. ఒకప్పుడు జిల్లా కేంద్రమని చెబితే నమ్మలేనంత నిశ్శబ్దంగా ఉంటుంది. పెన్న వైపు గోడ మీద నిలబడి చూస్తే, వరదకాలంలో ఏరు దాటలేక తపాలా ఆగిపోయే ఊళ్లో జిల్లా కచేరీ ఎంతకాలం నడపగలరో మీకే తోస్తుంది.

తిరిగి కడపకు వచ్చి, మధ్యాహ్నం ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లండి. సెలవు దినం కాకుండా ముందే కనుక్కోండి. 1798లో కలకత్తాలో పుట్టిన బ్రౌన్, మన్రో గవర్నరైన 1820లోనే, కలెక్టరు కింద సహాయకుడిగా కడపకు వచ్చాడు. తరువాత ఇక్కడే ఒక బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు తెప్పించి, ప్రతులు రాయించి, పాఠాలు సరిచూయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. తెలుగు నిఘంటువు 1852లో వెలువడింది. బంగళా నిలవలేదు. ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి పట్టుబట్టి తిరిగిన ఫలితంగా గ్రంథాలయం వెలిసింది. ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. భవనం కొత్తదే. కనుక కట్టడం కోసం వెళ్లినవాళ్లు పది నిమిషాల్లో బయటికి వస్తారు.

మీరు మాత్రం అక్కడ సాయంత్రం దాకా ఉండండి. బ్రౌన్ 1852లోనే జిల్లా నిఘంటువని ఇంకొకటి వేశాడు. కచేరీ వ్యవహారాల్లో వాడే పరభాషా పదాలను పోగుచేసిన పుస్తకం అది. దాని ప్రతి చూపించగలరేమో అడగండి. దొరికితే మీ నాన్నగారి ముందు పెట్టి, అబ్బాయిని ఒక్కొక్క మాటే చదివి వినిపించమనండి. జమాబందీ, తకరారు, ఫైసలా, బేరీజు. అర్థం పుస్తకంలో చూడకుండా ముందు తాతను చెప్పమనండి. ఇద్దరి అర్థాల్లో ఎక్కడ తేడా వచ్చినా నాకు తెలియజేయండి, చాలా రోజులుగా నాకూ ఆ కుతూహలం ఉంది.